తిరుమల దిగేటప్పుడు బ్రేక్ పెడల్ మెత్తబడింది: బ్లీడింగ్ ఇంట్లో చేసుకోనా, షెడ్డుకు ఇవ్వనా?

కొర్లగుంట 03 · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నిన్న జరిగింది చెప్పి సలహా అడుగుదామని రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నాది 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మాన్యువల్ గేరు, ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేదు, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. మూడేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికి 71,000 కిలోమీటర్లు తిరిగింది. నిన్న నాయన, అమ్మ, నా భార్య, పాపతో తిరుమల పోయాం. దర్శనం బాగా జరిగింది. సాయంత్రం దిగుతుంటే సగం దారిలో పెడల్ మామూలు కంటే ఎక్కువ లోపలికి పోతున్నట్టు అనిపించింది. ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం దాటాక ఒక మలుపులో తొక్కితే కాలి కింద దూది పెట్టినట్టు మెత్తగా దిగిపోయింది. గబగబా రెండు మూడు సార్లు తొక్కితే పట్టింది. ఆ రెండు సెకన్లు నా గుండె ఆగినంత పనైంది. వెనక సీట్లో పాప నిద్రపోతోంది.

కొండ వైపుకు తీసి ఆపి, అరగంట అట్లే ఉన్నాం. తర్వాత ఫస్ట్ గేరులో మెల్లగా అలిపిరికి చేరాం. ఈరోజు పొద్దున చూస్తే పెడల్ పర్వాలేదు, కానీ కొంచెం మెత్తగానే ఉంది. బానెట్ తెరిచి చూస్తే బ్రేక్ ఆయిల్ డికాషన్ రంగులో ఉంది. నేను కొన్నాక ఒక్కసారి కూడా మార్చలేదు. ముందు ఓనర్ మార్చాడో లేదో తెలియదు.

బ్లీడింగ్‌కు, అంటే బ్రేకు లైన్లలోని గాలిని, పాత ఆయిల్‌ను బయటికి తీసి కొత్తది నింపడానికి, మా ఇంటి దగ్గర షెడ్డులో ఆయిల్ కాకుండా 600 అడిగారు. సర్వీస్ సెంటర్లో మొత్తం కలిపి 1,800 అన్నారు. ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, ముందు బ్రేక్ ప్యాడ్లు ఇంట్లోనే మార్చుకున్న అనుభవం ఉంది. బ్లీడింగ్ కూడా నేర్చుకోవాలని ఉంది. నాయన మాత్రం "బ్రేకుల దగ్గర ప్రయోగాలు వద్దు" అంటున్నాడు. మీరేమంటారు?

ఘాట్ డ్యూటీ · సోమవారం, రాత్రి 9:30

తమ్ముడూ, ముందు దేవుడికి దండం పెట్టుకో. అందరూ క్షేమంగా దిగారు, అది చాలు. నేను పద్నాలుగేళ్లుగా కొండకు ట్యాక్సీ నడుపుతున్నాను. నువ్వు చెప్పిన చోటే కార్లు పక్కకు తీసి, బానెట్ ఎత్తి, చక్రాల మీద నీళ్లు పోస్తున్నవాళ్లను వారానికి ఒకరినైనా చూస్తాను. కాలిన డిస్కు మీద నీళ్లు పోయకూడదు, డిస్కు వంకర పోతుంది. నువ్వు ఊరికే ఆపి ఉంచావు, మంచి పని చేశావు.

ఒక్కటి చెప్పు. ఏ గేరులో దిగావు?

కొర్లగుంట 03 · సోమవారం, రాత్రి 9:41

మూడో గేరు అన్నా. నేరుగా ఉన్న చోట నాలుగు కూడా వేశాను. కాలు దాదాపు బ్రేకు మీదే ఉంది.

ఘాట్ డ్యూటీ · సోమవారం, రాత్రి 9:58

అక్కడే సగం సమాధానం ఉంది. కొండ దిగడానికి 40 నిమిషాలకు తక్కువ పట్టకూడదని, ఎక్కడానికి 28 నిమిషాలకు తక్కువ పట్టకూడదని పెట్టింది మన ప్రాణాల కోసమే. రెండో గేరులో దిగితే ఇంజినే బండిని పట్టుకుంటుంది. బ్రేకు మలుపు ముందు మాత్రం గట్టిగా ఒకసారి తొక్కి పూర్తిగా వదిలేయాలి. కాలు బ్రేకు మీద ఊరికే ఆనించి ఉంచితే ప్యాడ్లకు చల్లారే సమయమే దొరకదు. న్యూట్రల్‌లో దిగేవాళ్లు, పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపి దిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంజిన్ ఆపితే బూస్టర్‌లో (మన కాలి బలాన్ని పెంచే డబ్బాలో) ఉన్న వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. తర్వాత పెడల్ రాయిలాగ బిగుసుకుంటుంది.

ఆయిల్ మార్చేదాకా కారు కొండ ఎక్కించవద్దు. భాకరాపేట ఘాటు వైపు కూడా పోవద్దు.

రిటైర్డ్ లెక్చరర్, పద్మావతిపురం · సోమవారం, రాత్రి 10:20

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెప్పినవాణ్ణి. ఆ మలుపులో ఏం జరిగిందో తెలిస్తే తర్వాత ఏం చేయాలో నిర్ణయించుకోవడం తేలిక, అందుకని రాస్తున్నాను.

ఒక సిరంజిలో నీళ్లు నింపి, ముందు వేలు అడ్డం పెట్టి నొక్కండి. కదలదు. అదే సిరంజిలో గాలి నింపి నొక్కండి, మెత్తగా లోపలికి పోతుంది. బ్రేకు లైనులో ద్రవం ఉన్నంతసేపు మీ కాలి బలం చక్రం దాకా చేరుతుంది. గాలి బుడగ గానీ ఆవిరి గానీ చేరితే ఆ బలం దాన్ని నొక్కడానికే సరిపోతుంది.

ఈ ఆవిరి ఎక్కడిది? మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, గ్లైకాల్ ఈథర్ జాతి ద్రవం. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని గుణం. రబ్బరు హోసుల గుండా, రిజర్వాయర్ (బ్రేక్ ఆయిల్ పోసే డబ్బా) మూత గుండా ఏళ్ల తరబడి తేమ చేరుతూనే ఉంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4 కు ఇవే అంకెలు 230, 155. చాలా కార్లకు రెండేళ్లకోసారి మార్చమని కంపెనీ పుస్తకాల్లో రాసేది అందుకే.

ఇక వేడి సంగతి. తిరుమల నుంచి అలిపిరికి దిగేటప్పుడు ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. నలుగురు పెద్దవాళ్లు, పాపతో మీ కారు బరువు 1,250 కిలోలు అనుకుందాం. ఆ బరువు అంత ఎత్తు నుంచి దిగడంలో వచ్చే శక్తి మొత్తం వేడిగా మారితే, రెండు పెద్ద బిందెల నీళ్లను, అంటే దాదాపు 30 లీటర్లను, మరిగే దాకా కాచవచ్చు. రెండో గేరులో దిగితే అందులో పెద్ద వంతు ఇంజిన్ మింగుతుంది. నాలుగో గేరులో దిగితే ఎక్కువ భాగం ఆ నాలుగు చక్రాల మీదే పడుతుంది. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కేది) దగ్గరి పాత ద్రవం ఆవిరైంది, పెడల్ దిగిపోయింది. ఆగి చల్లబడ్డాక ఆవిరి మళ్లీ ద్రవమైంది, పెడల్ తిరిగొచ్చింది. పొద్దున బాగానే ఉందని మోసపోకండి.

పీలేరు టొమాటో · మంగళవారం, ఉదయం 6:15

నేను నాయన మాటే వినమంటాను. మా అన్న పికప్ బండికి ఇంట్లోనే బ్లీడింగ్ చేస్తానని మొదలుపెట్టాడు. మా మరిది పెడల్ తొక్కాడు. అడుగుదాకా, దమ్ము కొద్దీ తొక్కాడు. నాలుగు చక్రాలు అయ్యాక చూస్తే పెడల్ అసలు నిలబడటం లేదు, మెల్లగా కిందికి జారిపోతోంది. మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ను లైన్లలోకి నెట్టేది, పోయింది. మదనపల్లె మార్కెట్‌కు లోడు పోవాల్సిన రోజు బండి ఇంటి ముందు నిలిచిపోయింది. టొమాటో ఒక్కరోజు ఆగుతుందా? 500 మిగిలిస్తామనుకుంటే అంతకు పదింతలు పోయింది.

గ్రీమ్స్‌పేట షెడ్డు · మంగళవారం, ఉదయం 8:05

చిత్తూరులో 22 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. ఇది మాకు కూలి వచ్చే పని, అయినా నిజం చెబుతాను. ఏబీఎస్ లేని మీ బండికి బ్లీడింగ్ ఇంట్లో చేసుకోవచ్చు. ప్యాడ్లు మార్చినవాడికి ఇది చేతకాని పని కాదు.

పీలేరు అన్న చెప్పింది నిజమే, మా దగ్గరికీ అట్లాంటి బండ్లు వస్తాయి. రోజూ మనం పెడల్ సగమే తొక్కుతాం. మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ రోజూ తిరిగే చోటు నున్నగా ఉంటుంది, తిరగని చోట తుప్పు, మురికి పట్టి గరుకుగా ఉంటుంది. పాత బండిలో పెడల్‌ను అడుగుదాకా తొక్కితే రబ్బరు కప్పులు ఆ గరుకు మీద రాసుకుని చిరుగుతాయి. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టుకుంటే చాలు, అడుగుదాకా పోదు.

కానీ తమ్ముడూ, నువ్వు స్పానర్ పట్టుకునే ముందు నాలుగు విషయాలు చూసి నాకు చెప్పు. రిజర్వాయర్‌లో లెవల్ ఎంత ఉంది, గుర్తు కంటే తగ్గిందా? ఇంజిన్ ఆన్‌లో పెట్టి పెడల్‌ను అరనిమిషం ఒకే బలంతో తొక్కిపట్టు. అట్లే నిలుస్తుందా, మెల్లగా జారుతుందా? నాలుగు చక్రాల లోపలి వైపు, టైరు గోడ మీద తడి ఉందా? పెడల్ పైన, బూస్టర్ రాడ్ దగ్గర చెయ్యి పెట్టి చూడు, జిడ్డు తగులుతుందా?

ఈ నాలుగూ చూడకుండా బ్లీడింగ్ చేయడమంటే కుండకు చిల్లు ఉందో లేదో చూడకుండా నీళ్లు పోయడమే.

తిరుచానూరు రోడ్ టీచర్ · మంగళవారం, సాయంత్రం 5:40

మా కారుకు రెండేళ్లకోసారి నేనే చేసుకుంటాను, ఇప్పటికి మూడుసార్లు చేశాను. పెడల్ దగ్గర మా అమ్మాయి కూర్చుంటుంది, ఇంటర్ చదువుతోంది. నేను చేసే పద్ధతి వివరంగా రాస్తున్నాను. షెడ్డు అన్నగారు తప్పులుంటే దిద్దండి.

కావాల్సినవి: మూత తీయని డాట్ 4 బాటిల్ అర లీటరు, మొత్తం పాతది తీసేయాలంటే లీటరు. నిపుల్ (చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదలడానికి తిప్పే చిన్న మర) సైజుకు సరిపోయే రింగ్ స్పానర్. మాది 10, కొన్ని బండ్లకు 8, కొన్నింటికి 11. ఓపెన్ స్పానర్ వాడితే నిపుల్ మూలలు అరిగిపోతాయి, తర్వాత అది ఊడదు. చేపల తొట్టెలకు వాడే పారదర్శకమైన ట్యూబు ఒక మీటరు, ఒక చిన్న గాజు సీసా. బండిని నిలబెట్టడానికి స్టాండ్లు. జాకీ ఒక్కటే నమ్మి బండి కిందికి చెయ్యి పెట్టకండి, ఇది చేతులు జోడించి చెబుతున్నాను.

చదునైన చోట బండి పెట్టి, నేల మీద ఉండే చక్రాలకు రాళ్లు అడ్డం పెడతాను. రిజర్వాయర్ చుట్టూ తుడిచి, పైన ఉన్న పాత ఆయిల్‌ను సిరంజితో లాగేసి కొత్తది నింపుతాను. దీనివల్ల ఆ మురికంతా లైన్ల గుండా పోనక్కరలేదు. మొదట వెనక ఎడమ చక్రం, మాస్టర్ సిలిండర్‌కు అదే దూరం. నిపుల్‌కు ట్యూబు తొడిగి, రెండో కొసను సీసాలో కొంచెం కొత్త ఆయిల్ పోసి అందులో ముంచుతాను.

తర్వాత మా ఇద్దరి మధ్య మాటలు. ఇవి ముందే ఒప్పుకోవాలి. నేను "తొక్కు" అంటే అమ్మాయి మెల్లగా తొక్కి "పట్టాను" అంటుంది. అప్పుడు నేను నిపుల్ పావు తిప్పు వదులుతాను. ఆయిల్, బుడగలు ట్యూబులో కనిపిస్తాయి, పెడల్ దిగుతుంది. నేను నిపుల్ బిగించి "వదులు" అంటేనే అమ్మాయి కాలు తీస్తుంది. నిపుల్ తెరిచి ఉండగా కాలు తీస్తే బయటి గాలి లోపలికి పీలుస్తుంది, చేసిందంతా వృథా. మొదటిసారి చేసినప్పుడు "సరే" అనే మాటకు తను ఒక అర్థం, నేను ఒక అర్థం తీసుకున్నాం. వెనక చక్రం మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు ఆ మూడు మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడుకోం.

ప్రతి ఐదారు తొక్కుళ్లకు లేచి రిజర్వాయర్ చూస్తాను. అది ఖాళీ అయితే పై నుంచి గాలి పడుతుంది. ట్యూబులో బుడగలు ఆగి, కొత్త ఆయిల్ రంగు వచ్చేదాకా ఒక్కో చక్రానికి పది, పదిహేను తొక్కుళ్లు పడతాయి. నిపుల్ చిన్నది, బలమంతా పెట్టి బిగించకూడదు. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే రంగు ఊడిపోతుంది.

మొత్తం రెండు గంటల పని. నేను డబ్బు కోసం చేయను. ఆ పని చేసిన చేతులు నావే అని తెలిస్తే ఘాట్ రోడ్డు మీద నాకు టెన్షన్ ఉండదు.

గ్రీమ్స్‌పేట షెడ్డు · మంగళవారం, సాయంత్రం 6:22

మేడం, దిద్దడానికి ఏమీ లేదు. ఒక్కటి కలుపుతాను. చక్రాల వరుస మీ బండి పుస్తకంలో ఎట్లా ఉంటే అట్లే చేయాలి. లైన్లు ఐమూలగా విడగొట్టిన బండ్లు చాలా ఉన్నాయి, ముందు ఎడమ, వెనక కుడి ఒక లైను, మిగతా రెండూ ఇంకో లైను. కొన్ని కంపెనీలు అందుకు తగ్గట్టు వరుస చెబుతాయి. దూరం చక్రం ముందు అనేది పాత వాడుక, చాలా బండ్లకు సరిపోతుంది, అన్నిటికీ కాదు.

ఏపీ 39 కొత్త బండి · మంగళవారం, రాత్రి 8:10

ఏబీఎస్ ఉన్నవాళ్ల కోసం నా అనుభవం రాస్తున్నాను. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి ఇక్కడ సగం మందికి ఇది పనికొస్తుంది.

పోయిన ఏడు ఒక షెడ్డులో ఆయిల్ మార్పించాను. పని చేసే పిల్లవాడు ఫోన్ మాట్లాడుతూ రిజర్వాయర్ చూడలేదు, పూర్తిగా ఖాళీ అయింది. మళ్లీ నింపి నాలుగు చక్రాలకూ బ్లీడ్ చేశారు, పెడల్ మాత్రం గట్టిపడలేదు. మూడుసార్లు చేశారు. అదే మెత్తదనం. గాలి ఏబీఎస్ యూనిట్ లోపల, వాల్వుల మధ్య ఇరుక్కుందట. చివరికి సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టి ఏబీఎస్ పంపును తిప్పుతూ బ్లీడ్ చేస్తే గానీ పోలేదు. అందుకని మెకానిక్‌కు ఇస్తే చాలు, నిశ్చింత అనుకోకండి. పక్కన నిలబడి చూడండి.

గ్రీమ్స్‌పేట షెడ్డు · మంగళవారం, రాత్రి 8:31

చదువుతుంటే బాధేసింది. రిజర్వాయర్ ఎండిపోవడం చేసేవాడి తప్పు, దానికి కస్టమర్ దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు. ఏబీఎస్ బండికి కూడా రిజర్వాయర్ ఎండకుండా ఆయిల్ మార్చినంతవరకు మామూలు పద్ధతి చాలా వాటికి చాలు. గాలి లోపలికి పోతేనే స్కానర్ కావాలి. కొన్నింటికి ఆయిల్ మార్చడానికి కూడా స్కానర్ కావాలని పుస్తకంలో ఉంటుంది, ముందు అది చూసుకోవాలి.

రేణిగుంట రైడర్ · మంగళవారం, రాత్రి 9:02

లెవల్ తగ్గితే పవర్ స్టీరింగ్ ఆయిల్ కొంచెం పోసి సర్దుకోవచ్చని మా వీధిలో ఒకాయన చెప్పారు. ఆయన చాలాకాలం లారీ నడిపారు. అది నిజమేనా? ఇంట్లో అర బాటిల్ ఉంది.

గ్రీమ్స్‌పేట షెడ్డు · మంగళవారం, రాత్రి 9:06

వద్దు. ఒక్క చుక్క కూడా వద్దు. స్టీరింగ్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ ఏదైనా సరే, మినరల్ నూనె తగిలితే బ్రేకుల రబ్బరు ఉబ్బిపోతుంది. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, క్యాలిపర్ సీళ్లు, హోసులు అన్నీ మార్చాలి. ఇప్పటికే పోసి ఉంటే బండి కదిలించకుండా చెప్పండి.

రేణిగుంట రైడర్ · మంగళవారం, రాత్రి 9:11

పోయలేదన్నా. అడిగి పోద్దామని ఆగాను. ఆ బాటిల్‌ను ఇప్పుడే వేరే అరలో పెట్టేశాను.

రిటైర్డ్ లెక్చరర్, పద్మావతిపురం · మంగళవారం, రాత్రి 9:25

ఇదే సందర్భంలో ఇంకో మాట. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఒకే జాతివి, కలిసినా ప్రమాదం లేదు, పుస్తకంలో రాసిన రకానికి తగ్గకుండా వాడితే మంచిది. డాట్ 5 మాత్రం సిలికాన్, వాటితో కలపకూడదు. పేరు చూసి 5, 5.1 ఒకటే అనుకునే ప్రమాదం ఉంది. మూత తీసి ఆరు నెలలుగా అటక మీద ఉన్న బాటిల్‌ను కూడా వాడకండి, అది ఆ ఆరు నెలలూ తేమ పీలుస్తూనే ఉంటుంది. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఆ రోజుల్లో మరీ ఎక్కువ.

కొర్లగుంట 03 · బుధవారం, ఉదయం 7:50

అందరికీ ధన్యవాదాలు. షెడ్డు అన్న చెప్పిన నాలుగూ పొద్దున్నే చూశాను.

పెడల్ తొక్కిపడితే జారడం లేదు, నిలుస్తోంది. పెడల్ పైన జిడ్డు లేదు. లెవల్ మాత్రం కింది గుర్తుకు వేలెడు దూరంలో ఉంది. పోయిన నెల ఇంజిన్ ఆయిల్ మార్చినప్పుడు పైనే ఉన్నట్టు గుర్తు. వెనక కుడి టైరు లోపలి వైపు అరచేయి అంత తడి మరక ఉంది, దుమ్ము అంటుకుని నల్లగా. తుడిస్తే జారుగా ఉంది. నీళ్లేమో అనుకున్నాను, కానీ ఆరడం లేదు.

గ్రీమ్స్‌పేట షెడ్డు · బుధవారం, ఉదయం 8:02

అది నీళ్లు కాదు తమ్ముడూ. వెనక కుడి వీల్ సిలిండర్, అంటే బ్రేకు షూలను డ్రమ్ముకు నెట్టేది, లీక్ అవుతోంది. ఇక ఆ బండి నడపవద్దు. మెకానిక్‌ను ఇంటికి పిలిపించు, లేకపోతే తాడు కట్టకుండా రికవరీ బండి మీద తీసుకుపో. తాడు కట్టి లాగినా బ్రేకు నువ్వే వేయాలి కదా.

ఇప్పుడు కొండ మీద జరిగింది పూర్తిగా అర్థమవుతోంది. వెనక డ్రమ్ములోకి ఆయిల్ కారి షూలు తడిసిపోయి ఉంటాయి. తడిసిన షూ పట్టదు. వెనక కుడి చేయాల్సిన పని కూడా ముందు డిస్కుల మీద పడింది. అవి మామూలు కంటే ఎక్కువ కాలాయి, అక్కడ ఉన్నది పాత ఆయిల్. సార్ చెప్పినట్టు మరిగింది.

నువ్వు నిన్ననే బ్లీడింగ్ చేసి ఉంటే పెడల్ గట్టిగా వచ్చి ఉండేది. నెల రోజుల్లో మళ్లీ లెవల్ తగ్గి, మళ్లీ మెత్తబడేది. అది ఎక్కడ మెత్తబడేదో చెప్పలేం.

పీలేరు టొమాటో · బుధవారం, ఉదయం 8:40

ఒళ్లు జలదరించింది. నా బండి టైర్లు కూడా ఇప్పుడే పోయి చూసి వచ్చాను. పొడిగానే ఉన్నాయి.

కొర్లగుంట 03 · బుధవారం, ఉదయం 9:15

అన్నా, వీల్ సిలిండర్ నేను మార్చుకోగలనా? నిజం చెప్పండి.

గ్రీమ్స్‌పేట షెడ్డు · బుధవారం, ఉదయం 9:33

ఈసారికి వద్దు. డ్రమ్ము విప్పడం, షూల స్ప్రింగులు ఊడదీయడం చేసుకోగలవు, కానీ సిలిండర్ వెనక ఉండే బ్రేకు పైపు నట్టు తుప్పు పట్టి ఉంటే తిప్పేటప్పుడు పైపే మెలి తిరిగి తెగిపోతుంది. ఇంట్లో అట్లా జరిగితే నీ దగ్గర వేరే పైపు ఉండదు.

షెడ్డుకు ఇవ్వు, దగ్గర ఉండి చేయించు. రెండు వైపులా సిలిండర్లు కొత్తవి వేయించు, ఒక వైపు పోయిందంటే రెండో వైపు వయసూ అంతే. పాత సిలిండర్‌కు కప్పులు మాత్రం మారుస్తామంటే, లోపల గీతలు లేకుంటేనే ఒప్పుకో. తడిసిన షూలను పెట్రోలుతో కడిగి వేస్తామంటే ఒప్పుకోవద్దు, లోపల పీల్చుకున్న ఆయిల్ వేడెక్కినప్పుడు మళ్లీ బయటికి వస్తుంది. షూలు సెట్టుగా మార్చు. ఆయిల్ బాటిల్ నువ్వే కొని, నీ ముందే మూత తీయించు.

తిరుచానూరు రోడ్ టీచర్ · బుధవారం, సాయంత్రం 6:10

ఇంకో మాట. బ్లీడింగ్ చేసేటప్పుడు పెడల్ దగ్గర మీరే కూర్చోండి. అడిగితే ఏ మెకానిక్ కాదనడు. గాలి ఉన్నప్పుడు పెడల్ ఎట్లా ఉంటుంది, గాలి పోతుంటే ఎట్లా గట్టిపడుతుంది అనేది కాలికి తెలియాలి. రాసి చెప్పగలిగేది కాదు.

కొర్లగుంట 03 · శనివారం, రాత్రి 8:45

పని అయింది. అందరికీ తెలియాలని మొత్తం రాస్తున్నాను.

మెకానిక్ ఇంటికి వచ్చి, ఇంటి ముందే డ్రమ్ములు విప్పాడు. షెడ్డు అన్న చెప్పింది అక్షరాలా నిజం. వెనక కుడి షూలు రెండూ తడిసి నల్లగా మెరుస్తున్నాయి. సిలిండర్ రబ్బరు టోపీ ఎత్తగానే ఆయిల్ బొటబొటా కారింది. ఎడమ వైపు టోపీ లోపల కూడా చెమ్మ మొదలైంది. నేను ఏం చెప్పాల్సిన పని లేకుండానే అతనే రెండూ మార్చాలన్నాడు. షూలు కడిగి వేస్తే చాలదా అని నాయన అడిగితే, "పెద్దాయనా, కొండకు పోయే బండి ఇది" అన్నాడు. నాకు అతని మీద నమ్మకం అప్పుడే వచ్చింది.

ఖర్చు: రెండు సిలిండర్లు 1,100, షూల సెట్టు 950, డాట్ 4 ఒక లీటరు 480, కూలి 900. మొత్తం 3,430 రూపాయలు.

బ్లీడింగ్‌కు పెడల్ దగ్గర నేనే కూర్చున్నాను. చెక్క ముక్క పెట్టాను, ఎందుకని అతను అడిగితే చెప్పాను, మంచిదే అన్నాడు. మొదటి చక్రానికి పెడల్ గాలి బుడ్డ మీద కాలు పెట్టినట్టు ఉంది. మూడో చక్రం దగ్గరికి వచ్చేసరికి కాలి కింద నేల తగిలినట్టు అనిపించడం మొదలైంది. మేడం చెప్పింది అర్థమైంది. ముందు క్యాలిపర్ల నుంచి వచ్చిన ఆయిల్ దాదాపు నల్లగా ఉంది, సీసాలో పట్టి ఉంచాను. కాలువలో పోయకుండా అతనే షెడ్డుకు తీసుకుపోయాడు.

తర్వాత ఇంజిన్ ఆపి పెడల్ నాలుగుసార్లు తొక్కి పట్టుకుని స్టార్ట్ చేశాను. కొంచెం దిగి నిలిచింది, బూస్టర్ బాగుందన్నమాట. మా వీధిలో 20 స్పీడులో పదిసార్లు ఆపి చూశాం. నాయన పక్క సీట్లో కూర్చున్నాడు. దిగాక నాలుగు టైర్ల లోపలి వైపు ఆయనే చేత్తో తడిమి చూశాడు.

ఘాట్ డ్యూటీ · శనివారం, రాత్రి 9:20

చాలా సంతోషం తమ్ముడూ. వారం రోజులు ఊళ్లోనే నడుపు. రోజూ పొద్దున లెవల్ చూడు. మెల్లగా తగ్గుతుంటే ఇంకెక్కడో లీక్ ఉన్నట్టు. అట్లే ఉంటే కొండెక్కు. దిగేటప్పుడు రెండో గేరు.

కొర్లగుంట 03 · మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:05

ఈరోజు మళ్లీ తిరుమల పోయి వచ్చాం. అదే ఐదుగురం. లెవల్ ఈ మూడు వారాల్లో వెంట్రుకవాసి కూడా కదల్లేదు. పై నుంచి కింది దాకా రెండో గేరు, దిగడానికి 52 నిమిషాలు పట్టింది. వెనక వచ్చే బండ్లకు మూడు చోట్ల పక్కకు తీసి దారి ఇచ్చాను. ఏడో మైలు దగ్గర ఆపి ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని, పెడల్ తొక్కి చూశాను. పైనే నిలిచింది.

రెండేళ్ల తర్వాత ఆయిల్ మార్పు నేనే చేస్తాను. పెడల్ దగ్గర కూర్చుంటానని నాయనే అన్నాడు.

షెడ్డు అన్నా, ఒక చిన్న సందేహం. చేతి బ్రేకు ముందు ఐదు క్లిక్కులకు పట్టేది, ఇప్పుడు ఎనిమిదికి పడుతోంది. ఏమైనా సమస్యా?

గ్రీమ్స్‌పేట షెడ్డు · ఆదివారం, రాత్రి 10:30

కొత్త షూలు డ్రమ్ముకు సర్దుకుంటున్నాయి, అంతే. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక డ్రమ్ములు ఒకసారి విప్పించి, షూల అడ్జస్టర్ సరిచేయించు. కేబుల్ బిగించి సరిపెట్టనివ్వవద్దు, ముందు షూలు, తర్వాతే కేబుల్. విప్పినప్పుడు సిలిండర్ టోపీలు ఎత్తి లోపల పొడిగా ఉందో లేదో నీ కళ్లతో చూడు.